పది నిమిషాల కానుక

మాది ఫిర్యాదుల కాల్ సెంటర్. పుట్టినరోజు వచ్చిన ఉద్యోగికి కంపెనీవారు పెద్దమనసుతో ప్రసాదించే కానుక ఒకటుంది: పది నిమిషాలు ఫోన్ ఎత్తక్కర్లేదు.

ఇవాళ నా పుట్టినరోజు. పొద్దున్నుంచి నలభైమంది తిట్టిపోశారు. కేకు ముక్క పక్కన పెట్టేశాను. మెట్లమీద కూలబడి, ఒక్కరైనా నాతో మర్యాదగా మాట్లాడకపోతారా అని మా నంబరుకే ఫోన్ చేశాను.

"నమస్కారం సార్! మీ సమస్య చెప్పండి."

ఎత్తింది నా పక్క సీటు అక్క.

"నేనే అక్కా. ఇక నావల్ల కాదు. మానేస్తున్నా." ఏడుపు తన్నుకొచ్చింది.

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం సార్," అంది అందరికీ వినపడేలా. తర్వాత గుసగుసగా, "ఇంకెంతసేపుంది నీకు?"

"ఐదు నిమిషాలు."

"పెట్టెయ్యకురా తమ్ముడూ, నీకు దణ్ణం పెడతా. ఆ ఐదూ తీరిగ్గా ఏడువు. నువ్వు లైన్లో ఉన్నంతసేపూ నన్నెవరూ తిట్టరు."