కెనడా నక్క వెంట్రుకలు

"ఎర చూపించందే తూకం రాయను," అన్నాడు పోటీ తూకాలు రాసే హోలిస్, నీళ్ళలోకి సాగిన రేవు బల్ల మీద కాటా పక్కన నిలబడి.

కాటా మీద బాస్ చేప తోక కొట్టుకుంటోంది. ఆ ఫిబ్రవరి చేపల పోటీలో అంతకన్నా పెద్దది ఎవరూ తేలేదు. దాన్ని పట్టిన మార్లా మాత్రం గాలపు కర్రని వెనక్కి పెట్టుకుని, దారం కొసన ఉన్న ఎరని గుప్పిట్లో దాచేసింది. కొక్కెం మొన అరచేతిలో దిగుతోంది. అయినా గుప్పిట విప్పలేదు.

"చూపించు బంగారం," అన్నాడు మొగుడు గారెట్. "ప్రాణమున్న ఎర వాడలేదని వాళ్ళకి తెలియాలి కదా. లేకపోతే చేప లెక్కలోకి రాదు."

"చేప కొట్టిన ఎరని ఎవరైనా ఒడ్డుదాకా తెస్తారా?" వెనక ఎవరో నవ్వారు. "నలుగురూ చూసేయరూ? దారిలోనే తెంపి జేబులో వేసుకుని, ఇంకోటి కట్టాలి. పిల్ల కొత్తది పాపం!"

మార్లాకి ఆ సంగతి తెలియక కాదు. కత్తెర గారెట్ జేబులో ఉండిపోయింది. అడిగితే ఎందుకంటాడు.

ఆమె చూపు చేప మీద లేదు. రేవు మెట్ల పైన, పాపని చంకనేసుకుని నిలబడ్డ అత్తగారి మీద ఉంది. అత్తగారి కాళ్ళ దగ్గర డచెస్, ఆవిడ ముసలి కోలీ కుక్క. ఒళ్ళంతా ఎర్రగోధుమ రంగు బొచ్చు నిగనిగలాడుతోంది, తోక చివర తప్ప. అక్కడ బోడి.

నిన్న పొద్దున ఫలహారానికి బిస్కెట్ రొట్టెల మీద గ్రేవీ పోస్తూ ఆవిడ ఒకటే మాట అంది. "ఈ తోక కత్తిరించిన చెయ్యి ఎవరిదో తెలియనీ. ఆ చెయ్యి నా ఇంటి కప్పు కింద ఉండదు."

మార్లాకీ గారెట్‌కీ పాపకీ ఉన్నది ఆ కప్పొక్కటే.

ఇంత చల్లటి నీళ్ళలో ఎరకి కట్టే రబ్బరు కుచ్చు కట్టెలా బిగుసుకుపోతుంది. వెంట్రుకలయితేనే ఊపిరి తీస్తున్నట్టు ఆడతాయి, రాళ్ళ కింద పాకే మంచినీటి రొయ్యలాగా. మొన్న రాత్రి చూస్తే డబ్బాలో జింక తోక వెంట్రుకలు అయిపోయాయి. డచెస్ పొయ్యి పక్కన పడుకుని నిద్రపోతోంది. రంగు కూడా అచ్చం ఆ రొయ్యదే. కత్తెర ఒక్కసారి ఆడింది. సీసపు గుండు వెనక నాలుగు చుట్లు దారం, కొసన జిగురు చుక్క. అంతే.

"మిస్ ఓపల్!" హోలిస్ పైకి కేకేశాడు, ఊరంతా అత్తగారిని పిలిచే పిలుపుతో. "మీ కోడలికి మీ ఆయన బుద్ధే వచ్చిందండోయ్! బకీ కూడా ఇంతే, ఎంత బతిమాలినా నోరు విప్పేవాడు కాదు. మరీ విసిగిస్తే కెనడా నక్క వెంట్రుకలనేవాడు."

"నాన్న ఎర ఇప్పటికీ మా ఇంట్లో గోడ మీద అద్దాల పెట్టెలో ఉంది," అన్నాడు గారెట్ ఛాతీ విరుచుకుని. "దుమ్ము కూడా అమ్మే తుడుస్తుంది. ఇంకొకళ్ళని ముట్టుకోనివ్వదు."

ఓపల్ మెట్లు దిగడం మొదలుపెట్టింది. ఆవిడ వెనకే కుక్క.

మార్లా ఒక అడుగు వెనక్కి వేసింది. మడమకి బల్ల అంచు తగిలింది. ముందు హోలిస్, పక్కన గారెట్, వెనక నీళ్ళు.

"నాకీ చేప వద్దు," అంది. "వదిలేయండి దాన్ని."

"పిచ్చి పట్టిందా నీకు?" గారెట్ మొహం ఎర్రబడింది. "నేను ఎన్నేళ్ళుగా చస్తున్నా ఇలాంటిది ఒక్కటీ పడలేదు! ఇలా తే."

మణికట్టు పట్టుకుని ఒక్కొక్క వేలూ విప్పాడు. అరచేతిలో చిన్న రక్తపు చుక్క. ఎర జారి దారానికి వేలాడింది. డచెస్ ముందుకొచ్చి దాన్ని వాసన చూసింది. బోడి తోక ఊపింది.

ఓపల్ పాపని కొడుకు చేతికిచ్చింది. మెడలో వేలాడే కళ్ళజోడు పెట్టుకుని ఎరని వేళ్ళ మధ్య తిప్పింది. తడి వెంట్రుకల్ని బొటనవేలితో దువ్వింది. కుక్క వైపు చూసింది. తర్వాత కోడలి వైపు చూసింది.

మార్లా మనసులో అప్పుడే పాప మంచం మడతపెట్టేస్తోంది. దాన్ని ఎక్కడికి మోసుకెళ్ళాలో మాత్రం తోచడం లేదు.

"మీకయితే తెలుస్తుంది మిస్ ఓపల్," అన్నాడు హోలిస్. "ఏం వెంట్రుకలివి?"

ఓపల్ తీరిగ్గా కళ్ళజోడు తీసింది.

"నక్కవి," అంది. "కెనడా నక్క."

రేవంతా గొల్లున నవ్వింది. హోలిస్ తల కొట్టుకుంటూ తూకం రాసుకున్నాడు. గారెట్ పాపని తల్లికిచ్చేసి, చేపనెత్తుకుని ఫొటోలకి నిలబడ్డాడు.

అత్తగారు పాపని ఎత్తుకుని తన పికప్ బండి వైపు నడిచింది. మార్లా వెనకే వెళ్ళింది.

"మిస్ ఓపల్, నేను..."

"ముందు పాప సీటు బెల్టు చూడు. వదులుగా ఉంది."

మార్లా వంగి బెల్టు బిగించింది. ఎప్పుడు వెళ్ళిపొమ్మంటారని అడగబోయింది.

"ఇంకోసారి తోక జోలికి పోకు," అంది ఓపల్, కుక్కని ముందు సీట్లోకి ఎక్కిస్తూ. "చెవుల వెనక తియ్యి. ఇంకా మెత్తగా ఉంటాయి, పైకి కనబడదు కూడా."

మార్లా తలెత్తింది. "మీకెలా..."

ఓపల్ రేవు వైపు ఒకసారి చూసింది. గారెట్ దూరంగా జనం మధ్య ఉన్నాడు. అయినా గొంతు తగ్గించింది.

"గోడ మీది ఎర మీ మామ కట్టాడనుకుంటున్నావా? నక్కా కాదు, కెనడా కాదు పిల్లా. అది మా అత్తగారి పిల్లి."