తిరుమలయ్య స్టాపు

"తిరుమలయ్యా! తిరుమలయ్య స్టాపు దిగేవాళ్ళు ముందుకు రావల్ల!"

కండక్టరు కేక మామిడితోట లోపలి దాకా వినబడింది. పాదులు తీస్తున్న ఏకాంబరానికి కడుపు భగ్గుమంది.

తొంభై ఆరులో ఆ స్టాపు కోసం చిత్తూరు డిపో చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది ఏకాంబరం. షెల్టరు కట్టడానికి తోటలో రోడ్డువార చోటు వదిలింది ఏకాంబరం. గోడలో పొదిగిన రాతిపలక మీద, ఎర్రరంగు పూసిన అక్షరాల్లో ఉన్నదీ అతని పేరే. ఎదురుగా తిరుమలయ్యకు ఉన్నదల్లా ఒక రేకుల కొట్టం, ముందర వేలాడే పాత టైరు. పంచర్లు వేసుకునేవాడు.

అయినా బస్సులు వాడి పేరు మీదే ఆగేవి. ఆటోలు వాడి పేరు మీదే వచ్చేవి. ఆఖరికి ఏకాంబరం సొంత కూతురి పెళ్లిపత్రికలో కూడా ప్రెస్సువాడు "తిరుమలయ్య స్టాపు దగ్గర" అని అచ్చేసి చేతిలో పెట్టాడు.

ఆ రోజు నుంచి ఏకాంబరం తిరుమలయ్య ముఖం చూడడం మానేశాడు. మోపెడ్ పంచరైతే ఎండలో రెండు మైళ్లు తోసుకుంటూ పక్క ఊరికి పోయేవాడు.

ఒకసారి తిరుమలయ్యే పిలిచాడు. "ఏమప్పా, తోస్తా పోతా ఉండావే! ఈడ నిలపరాదా?"

"పేరు మింగింది సాలదా? దుడ్డు కూడా నీకే ఇయ్యల్నా?"

"నేనేమన్నా పెట్టమన్నానా అబ్బా! వాళ్ళు పిలస్తా ఉండారు, నేను పలకతా ఉండాను."

ఏకాంబరం దారిలో రాయిని ఎగరతన్నాడు. బొటనవేలు చిట్లింది.

ఇంటికొచ్చి భార్య ముందు కూలబడ్డాడు. "వాడే సోడాలు పోసి కండక్టర్లకు మప్పినాడే. లేకుంటే నా పేరు చెక్కిన రాయి వాళ్ళ కండ్లకు ఆనదా?"

రాఘవమ్మ మల్లెమొగ్గలు కడుతూ తలెత్తలేదు. "పోనీలేయ్యా. బస్సు నిలిస్తే సాలదా?"

ఆ శుక్రవారం ఇద్దరూ చిత్తూరు నుంచి తిరిగి వస్తున్నారు. టికెట్లు కొడుతున్నది చిన్నబ్బ. స్టాపు పెట్టిన రోజు మొదటి బస్సుకు కండక్టరు అతనే. ఏకాంబరం పట్టుకున్నాడు.

"నిజం సెప్పబ్బా. నా పేరు తీసేసేదానికి వాడు నీకేమిచ్చినాడు?"

చిన్నబ్బ నవ్వాడు. "సోడా కూడా పోయలేదప్పా. ఆ పొద్దు ఆ స్టాపుకు మొదటి టికెట్టు తీసుకునింది నీ పక్కనుండే ఈయమ్మే. 'ఏ స్టాపమ్మా?' అని నేనే అడిగినా. 'తిరుమలయ్య స్టాపు' అనింది. బస్సులో అందరూ అదే పట్టుకున్నారు."

ఏకాంబరం మెల్లగా భార్య వైపు తిరిగాడు. ఇన్నాళ్లూ కడుపులో ఉన్న మంట నెత్తికెక్కింది.

"వాడి పేరు నీ నోట్లోకి యాడినుంచి వచ్చిందే?"

రాఘవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గొణిగింది. "ఆయప్ప పేరు సెప్పక, బస్సులో అందరి ముందర కట్టుకున్నోడి పేరు ఎట్ల సెప్పమంటావయ్యా?"