బొమ్మ సెంటర్

“ఇద్దరూ ఒకేసారి చెప్పకండి. ఇంతకీ ఈ బొమ్మ ఎవరిది?” అన్నాడు ప్రసన్నకుమార్.

అతను రోడ్ల ఆఫీసులో గుమాస్తాగా చేరి ఏడాది కూడా నిండలేదు. ఒక బొమ్మ చరిత్ర రాసుకు రమ్మంటే ఇంత తలనొప్పి అవుతుందనుకోలేదు. పాలకొల్లు వైపు, రావులపాలెం వైపు, గోదారి రేవుకి, సముద్రానికి పోయే నాలుగు రోడ్లూ కలిసే చోట ఒక సిమెంటు దిమ్మ ఉంది. దాని మీద పొట్టి బొమ్మ. పై నుంచి కింద దాకా తెల్లగుడ్డ ముసుగు, మెడ దగ్గర తాడు. ఊరికి వేరే పేరున్నా కండక్టర్లు “బొమ్మ సెంటర్” అనే కేకేస్తారు.

దిమ్మని ఆనుకుని నూకరత్నం టీ బడ్డీ. ఇప్పుడు రోడ్డు వెడల్పు చేస్తున్నారు. విగ్రహానికి పేరూ చరిత్రా ఉంటే రోడ్డు దాని చుట్టూ తిరుగుతుంది. లేదంటే రేపు పొద్దున్నే దిమ్మా పోతుంది, బడ్డీ పోతుంది.

“మా తాతేనండి,” అన్నాడు చేపల వ్యాపారి బుల్లియ్య. “వరదలో లంకోళ్లందర్నీ పడవ మీద ఒడ్డుకి చేర్చాడు. ఆ భుజాలు చూడండి. తెడ్డేసీ తెడ్డేసీ అంత వెడల్పయ్యాయి.”

“భుజాలు కాదయ్యా, తల చూడు,” అన్నారు రిటైర్డ్ టీచరు రాజరత్నం గారు. “నున్నటి గుండు. కలరా రోజుల్లో ఇంటింటికీ మందు పంచిన పాస్టరు గారిది. మా నాన్నగారు చెప్పేవారు.”

“మీరు స్వయంగా చూశారా అండీ?”

“ముసుగుందిగా, ఎలా చూస్తాం?” అన్నారిద్దరూ. ఆ పూటకి వాళ్లకి కుదిరిన మాట అదొక్కటే.

“మరి ఆ ముసుగు తియ్యలేదేంటి?”

“ఆవిష్కరణ అవలేదండి,” అన్నాడు బుల్లియ్య. “ఒక మంత్రిగారు వస్తానన్నారు, ఎలక్షన్లొచ్చాయి. ఇంకొకాయన వస్తానన్నారు, ఆయన పదవే పోయింది. మనంతట మనం తీస్తే సెంటర్లో తలలు పగులుతాయండి.”

“పెట్టిందెవరు?”

“అది తెలీదండి. అప్పట్లో సెంటర్లో బడ్డీలన్నీ ఎత్తేస్తున్నారు. తెల్లారి చూస్తే ఖాళీ దిమ్మ మీద బొమ్మ ఉంది. ఎవరో పెద్దోళ్లే పెట్టుంటారు. దాని చలవే, నూకరత్నం బడ్డీ జోలికి ఎవరూ రాలేదు.”

ప్రసన్నకుమార్‌కి ఏం రాయాలో పాలుపోలేదు. అంతలో అరటిగెలల లారీ మలుపు తిరుగుతూ దిమ్మని రాసుకుంటూ పోయింది. వేలాడుతున్న గెల తగిలి బొమ్మ ఖంగుమంది.

“విన్నారా? కంచు,” అన్నారు రాజరత్నం గారు. పోనీ ఇదొక్కటైనా తేలిందని ప్రసన్నకుమార్ ‘కంచు’ అని రాసుకున్నాడు.

సాయంత్రం కావస్తుంటే సాక్షుల్ని తెస్తామని ఇద్దరూ చెరో రోడ్డూ పట్టారు. ప్రసన్నకుమార్ బడ్డీ ముందు కూలబడి మంచినీళ్లు అడిగాడు. నూకరత్నం ప్లాస్టిక్ బకెట్లో గ్లాసు ముంచి ఇచ్చింది.

“ఇంత నడిచే బడ్డీకి డ్రమ్మూ బిందే లేవా అమ్మా?”

“ఉండేవి బాబూ. ఒక అవసరానికి వాడేశాను.”

“రేపు బడ్డీ తీసేస్తే ఎలా మరి?”

ఆమె టీ వడపోసింది. “మా ఆయన పోయినప్పుడు పిల్లలకి పాలడబ్బా కూడా లేదు బాబూ. ఇద్దర్నీ ఈ బడ్డీయే పెంచింది. ఇప్పుడు ఇది కూడా తీసేస్తే నేనెక్కడికి పోను?”

అతనికి మనసు చివుక్కుమంది. దిమ్మ వైపు చూశాడు. ఊరంతా దుమ్ము కొట్టుకుపోతుంటే ముసుగు మాత్రం ఉతికినట్టు తెల్లగా ఉంది.

“ఈ గుడ్డ ఎవరు మారుస్తారమ్మా?”

“నేనే మారుస్తాను. కళ్లు మూసుకుని మారుస్తానని ఊళ్లో చెప్పుకుంటారు.”

“నిజంగా మూసుకుంటావా?”

ఆమె గరిట పక్కన పెట్టింది. అటూ ఇటూ చూసింది. దిమ్మ దగ్గరికెళ్లి తాడు కొంచెం వదులు చేసింది.

“ఇన్ని మాటలు విన్నారు కదండీ. మీరే చూసి, మీకు ఏది న్యాయమనిపిస్తే అది రాసుకోండి.”

ప్రసన్నకుమార్ లేచి దిమ్మ దగ్గరికొచ్చాడు. ముసుగులోకి తల పెట్టాడు. కాసేపటికి బయటికి తీసి, తాడు తనే గట్టిగా బిగించాడు. కూర్చుని ఒక టీ అడిగాడు. ఆ టీ మొత్తం తాగాడు. తర్వాత కాగితం ముందుకు లాక్కుని, ‘మహనీయుని పేరు ఆవిష్కరణ రోజున వెల్లడి కాగలదు. అంతవరకు దిమ్మను, దాని పరిసరాలను కదిలించరాదు’ అని రాసి సంతకం పెట్టాడు.

ముసుగు కింద పాత ఇనప డ్రమ్ము మీద బిందె బోర్లించి ఉంది.