గల్లీ చివరిదాకా రేంజ్

ఒక సంగతి మీ దగ్గర దాచను. ఆ ఆదివారం విజయశ్రీ బేబీ మానిటర్ కొనడానికి దిల్‌సుఖ్‌నగర్ వచ్చింది పాప మీద ప్రేమతో కాదు. నిద్ర మీద ప్రేమతో.

“దీనికి కెమెరా కూడా ఉందమ్మా,” అన్నాడు దుకాణం యజమాని రామమోహనరావు, వాళ్లింటికి పాత పరిచయస్తుడు, పెట్టె విప్పుతూ. “పాప కళ్లు తెరిచిందో లేదో ఇక్కడ కనపడుద్ది.”

“తెరిచే ఉంటయ్ సార్. గదే మా పరేషాన్,” అన్నాడు పక్కనే నిలబడ్డ ఆమె మామ లింగస్వామి.

పాపకు నాలుగు నెలలు. వారం పైగా పగలంతా ఒకటే ఏడుపు. పళ్లొస్తున్నాయంది అత్త అరుణమ్మ. మర్నాటికి మాట మార్చి దిష్టి అంది, కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడి నుంచి తాయెత్తు తెచ్చి కట్టింది. డాక్టరమ్మ మాత్రం పిల్ల భేషుగ్గా ఉందని పంపేసింది. భేషుగ్గా లేనిది విజయశ్రీ. సోమవారం బంద్ కాబట్టి మంగళవారం ఆఫీసులో చేరాలి. భర్త అభిలాష్ పుణెలో ప్రాజెక్టు మీద ఉన్నాడు. మోకాళ్ల నొప్పులతో అత్తమ్మ రోజంతా పిల్లను ఎత్తుకుని తిరగలేదు. కండక్టరైన మామ సకల జనుల సమ్మెలో ఉన్నాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎల్బీ నగర్‌లో వాళ్ల గల్లీలో వేసిన దీక్షా శిబిరమే ఆయన డ్యూటీ. పాప పగలు పడుకోకపోతే ఉద్యోగం మానేయడమొక్కటే దారి. రాజీనామా మెయిల్ రాసి డ్రాఫ్ట్‌లో పెట్టుకుంది కూడా.

“నౌకరి ఇడువకు బిడ్డా. నువ్వు చెప్పిన గా మిషిన్ కొందాం. మిగిలింది నేను జూసుకుంట,” అని లింగస్వామే బయల్దేరదీశాడు.

శిబిరంలో చెవికి డబ్బా ఆనించుకుని కూర్చుంటాడు, పాప కుయ్యిమనగానే ఇంటికి ఉరుకుతాడు. ప్లాన్ విజయశ్రీకి పెద్దగా నచ్చలేదు. కానీ ఇంకో ప్లాన్ లేదు.

“ఇది అనలాగ్ కదండీ,” అంది డబ్బాను తిరగేసి చూస్తూ. ఈసీఈ చదివిన నోరు ఊరుకోదు. “పక్కింటోళ్ల ఫోన్ ముచ్చట్లు గూడ దీంట్లనే వస్తయ్. డిజిటల్‌ది చూపియ్యండి.”

“గవన్నీ తర్వాత. గోడలు దాటుతదా?” అడ్డొచ్చాడు లింగస్వామి.

“ఖాళీ స్థలంలో వెయ్యి అడుగులండీ. గోడలుంటే కొంచెం తగ్గుద్ది,” అన్నాడు రామమోహనరావు, డిజిటల్‌ది తీసి ముందు పెడుతూ.

“మా ఇంటికి, టెంటుకు రెండొందలుంటది. కరెంటు పోతే?”

“పాప దగ్గర పెట్టేదానికీ, మీరు వినేదానికీ, రెండు ముక్కలకీ బ్యాటరీ ఉంది.”

“డప్పు సప్పుడుల గూడ సాఫ్‌గ ఇనబడాలె.”

“వినపడుద్దండీ. శిబిరం మీ గేటు ఎదురుగానేగా ఉండేది?”

“మా కోడలు జరిపిచ్చింది. పిల్ల దవాఖాన నుంచి వచ్చిన కాన్నుంచి చెవుల మైకేనాయె అని లొల్లి పెట్టి, పది రోజుల కింద గల్లీ చివరికి పంపింది. పోలీసోళ్లతోటి గాని పని సార్!”

విజయశ్రీ వినపడనట్టు జోలపాటలున్న డబ్బా వైపు చూసింది.

“అది తీసుకోండమ్మా, అయిదు జోలలున్నాయి.”

“గా పాటలకు మా పిల్ల పండదు,” అన్నాడు లింగస్వామి. ఆమె ఎంచిన డిజిటల్ డబ్బానే చేతిలోకి తీసుకున్నాడు. “దీని సౌండు బాగ తగ్గియ్యొచ్చా?”

“డప్పుల నడుమ సౌండు తగ్గిస్తే ఏమినబడ్తది మామయ్యా?”

“జర తగ్గాలె బిడ్డా,” అన్నాడే గానీ ఎందుకో చెప్పలేదు. నలుగురిలో సిగ్గేమో అనుకుంది.

“ఏడాది వారంటీ,” అంటూ రామమోహనరావు బిల్లు రాశాడు. “ఈలోపు మీ రాష్ట్రం వచ్చేస్తుందా లింగస్వామి గారూ?”

“నీ డబ్బ ఖరాబయ్యేలోపు ఒస్తది.”

“అప్పుడు రిపేరుకి నా దగ్గరికి రారేమో!”

“ఎందుకు రాం? రాష్ట్రమొచ్చినా దుకాణం నీదే గదనయ్యా.”

మధ్యాహ్నం మూడింటికి ట్రయల్. పాప అప్పటికే రాగం అందుకుంది. లింగస్వామి గదిలోకి వెళ్లి అయిదు నిమిషాలు ఏవో బిగించాడు, బయటికొచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

“గంటసేపు ఎవ్వలు లోపటికి పోవద్దు,” అని చెప్పి శిబిరానికి నడిచాడు.

“ఈయన ఇంట్ల ఉంటె గీ డబ్బలెందుకు?” అరుణమ్మ గొణిగింది. “పిల్లకంటె టెంటే ఎక్కువాయె.”

విజయశ్రీ ముందు గదిలో ల్యాప్‌టాప్ తెరుచుకుని కూర్చుంది. పాప ఏడుపు పది నిమిషాలకు సన్నబడింది. తర్వాత ఆగిపోయింది. అరగంట గడిచింది. ముప్పావు గంట. ఇంట్లో ఇంత నిశ్శబ్దం విని ఎన్నాళ్లయిందో. ముందు హాయిగా అనిపించింది, తర్వాత భయమేసింది. డబ్బాలో మామకేమైనా వినిపిస్తోందో లేదో కనుక్కుందామని గల్లీ చివరికి వెళ్లింది.

లింగస్వామి ముందు వరసలో చప్పట్లు కొడుతూ గొంతు చించుకుంటున్నాడు. చెవి దగ్గర డబ్బా లేదు. చేతిలో లేదు. జేబులోనూ లేదు.

“మామయ్యా! డబ్బ ఏది?”

“ఉండాల్సిన కాడ ఉన్నది బిడ్డా.”

“మీరు వింటలేరు గదా! పిల్ల ఏడిస్తే ఎట్ల తెలుస్తది?”

“ఏడిస్తే గద!” నవ్వాడాయన. “పో, జూడుపో. తలుపు మెల్లగ తియ్యి.”

ఆమెకు ఒళ్లు మండిపోయింది. అత్తమ్మ అన్నదే నిజం, ఈయనకు టెంటే ఎక్కువ. ఇల్లు చేరేలోపు మనసులోనే మెయిల్ పంపేసింది. గది తలుపు మెల్లగా తోసింది.

పాప నోరు తెరుచుకుని, రెండు చేతులూ బార్లా చాపి, ఒళ్లెరగకుండా నిద్రపోతోంది.

ఉయ్యాల పక్కన, మామ చెవి దగ్గరుండాల్సిన వినే డబ్బా సన్నని గొంతుతో “జై తెలంగాణ” అంటోంది.