సంచిలో టర్కీ

"సంచిలో పిండి వేశావా?" కుర్చీలోంచే అడిగింది వెర్నా.

"వేశానత్తమ్మా."

"ఊపావా? ఊపకపోతే పేలిపోతుంది. అట్టపెట్టె మీద రాసుంది, నేనే చదివాను."

మార్నీ ఓవెన్‌లో పెట్టినా కరగని ఆ వంట సంచి మూతి పట్టుకుని మళ్లీ ఊపింది. రాత్రంతా ఆసుపత్రి లాండ్రీలో తడి దుప్పట్లు మోసి పొద్దున్నే ఇల్లు చేరింది. ఉల్లిపాయ ముక్కలు, సెలరీ కాడలు సంచి అడుగున పరిచి, వెన్న రాసిన టర్కీ కోడిని వాటి మీదికి జార్చింది. మూతి బిగించి, పైన కత్తి మొనతో గాట్లు పెట్టింది.

"మా రోజుల్లో అరగంటకోసారి ఓవెన్ తెరిచి, కారిన కొవ్వు తీసి మళ్లీ దానిమీదే పోసేవాళ్లం. ఇప్పుడేమో ప్లాస్టిక్ సంచిలో కట్టి పడేస్తున్నారు! బాగుంది వరస."

"అంతసేపు నిలబడే ఓపిక నాకు లేదు. సంచిలో అయితే దాని నీళ్లలో అదే మగ్గుతుంది. నేను కాసేపు పడుకుంటాను."

"పడుకో. ఎండిన చెక్కముక్కలు నా కొడుక్కి పెడుదువుగాని."

మార్నీ సంచిని పళ్లెంలో ఉంచి ఓవెన్‌లోకి తోసింది. వెర్నా కొడుకు డ్వైట్ మధ్యాహ్నం వస్తున్నాడు, తల్లిని తన దగ్గరికి తీసుకుపోవడానికి. కొలంబస్‌లో కొత్త ఇల్లు కొన్నాడు. కిందే గది, మెట్లెక్కే పని లేదు. ఫోన్లో మాట అయిపోయింది. వెర్నా పెట్టె గుమ్మం పక్కన సిద్ధంగా ఉంది. అది సర్దింది మార్నీయే. మోకాళ్ల మందు, ఉన్ని మేజోళ్లు మడిచి పెడుతూ, ఇక పని నుంచి వచ్చి నేరుగా పడుకోవచ్చు, సాధించేవాళ్లుండరు అనుకుంది. ఎందుకో అనుకున్నంత హాయిగా అనిపించలేదు.

కమ్మటి వాసనకి మెలకువ వచ్చింది. వంటింట్లోకి వెళ్తే, నడక బండి పట్టుకుని ఓవెన్ ముందు వంగి నిలబడి ఉంది వెర్నా.

"ఏం చేస్తున్నారు?"

"సంచి ఉబ్బింది. ఓవెన్ గోడకి తగిలి కాలుతుందేమోనని చూస్తున్నా."

"ఎప్పట్నుంచి నిలబడ్డారు, ఆ మోకాళ్లతో?"

"నువ్వు పడుకున్నప్పట్నుంచి. ఎవరో ఒకరు నిలబడాలిగా."

మార్నీ పళ్లెం బయటికి తీసి సంచి కోసింది. ఆవిరి ఒక్కసారిగా ముఖానికి కొట్టింది. తొడ దగ్గర కత్తి పెడితే మాంసం దానంతటదే విడిపోయి రసం కారింది. వెర్నా ఒక ముక్క గిల్లి నోట్లో వేసుకుంది.

"ఎలా ఉంది?"

"ఉప్పు తక్కువైంది," అంటూ ఇంకో ముక్క తీసుకుంది.

బయట కారు ఆగింది. డ్వైట్ టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

"లోపలికి రా," అంది మార్నీ.

"వద్దులే, కార్లో బ్రెండా ఉంది. అమ్మా, పద. ఇన్నేళ్లూ మార్నీని కష్టపెట్టింది చాలు."

వెర్నా కదల్లేదు. "మార్నీ, నన్ను పొమ్మంటావా?"

మార్నీకి నడుం పీకుతోంది. రేపు మళ్లీ పని ఉంది. "అక్కడ మెట్లు లేవత్తమ్మా," అంది నేలచూపులు చూస్తూ.

"నేనడిగింది మెట్ల సంగతి కాదు."

మార్నీ కత్తి గుడ్డతో తుడిచి పక్కన పెట్టింది.

"పొమ్మని నేనెప్పుడన్నాను?" అంది మార్నీ.

"విన్నావుగా," అంది వెర్నా కొడుకుతో. "ఆ పెట్టె నా గదిలో పెట్టి వెళ్లు. నెమ్మది, మందు సీసాలున్నాయి."

"అమ్మా! నీ కొడుకుని నేను!"

"కాదన్నానా? ఆదివారాలు వచ్చి చూసి పో."

డ్వైట్ పెట్టె లోపల పెట్టి వచ్చేసరికి, మార్నీ టర్కీ తొడ, నాలుగు ముక్కలు రేకు కాగితంలో చుట్టి ఉంచింది. "దారిలో తినండి, ఇద్దరూ." అతను తలెత్తకుండానే అందుకుని వెళ్లిపోయాడు.

"కూర్చో, చల్లారిపోతుంది," అని వెర్నా తన ప్లేటు కంటే ముందు కోడలి ప్లేటులో వడ్డించింది. మార్నీ కూర్చుంది.

డ్వైట్ మార్నీకి విడాకులిచ్చి, బ్రెండాతో వెళ్లిపోయి అప్పటికి నాలుగేళ్లయింది.