మన్ను పూసిన ఇనుము

తొండుపల్లి వైపు నుంచి వచ్చిన ఒక బాటసారి, శంషాబాద్‌లో కమ్మరి ఈశ్వరయ్య కొలిమి ముందు బరువైన గోనెసంచి దించాడు.

సంచిలో ఇనుప ముక్కలున్నాయి.

ఈశ్వరయ్య ముఖం వెలిగింది. అంతలోనే ముడుచుకుంది.

యుద్ధం మొదలయ్యాక ఊళ్లోకి ఇనుము రావడం లేదు. మృగశిర వాన పడింది. అరిగిపోయిన నాగలి కర్రులు పట్టుకుని రైతులు కొలిమి చుట్టూ తిరుగుతున్నారు. నేలలో ఈ పదును ఆరేలోగా దున్నకపోతే ఏడాదంతా పస్తులే. "అన్నం పండించే ఇనుమును గూడ ఫిరంగులకే ఇచ్చినవా స్వామీ?" అని ఈశ్వరయ్య రోజూ పొద్దున దేవుణ్ణి అడుగుతూనే ఉన్నాడు.

ఇప్పుడు ఇనుము కొలిమి ముందుకే వచ్చింది. కానీ మొన్ననే గగన్‌పహాడ్ దగ్గర రైలు సామాను పోయిందని పోలీసులు వాకబు చేసి వెళ్లారు.

"ఏడికెళ్లి తెచ్చినవ్?"

"నాదే. కర్రులు చెయ్యి తమ్మీ. నాకేమొద్దు."

ఆ మాటతో అనుమానం గట్టిపడింది. ఈ రోజుల్లో ఇనుము ఊరికే ఇచ్చేవాడెవడు?

బాటసారి తాను ఉత్తరాన ఉక్కు ఫ్యాక్టరీలో పనికి పోతున్నానన్నాడు. అక్కడి కొలిమి తాటిచెట్టంత ఎత్తట. పాత ఇనుము పోస్తే ఎర్రటి నీళ్లలా కరిగి కొత్త ఉక్కై వస్తుందట. లడాయి ఆగితే అది ఊరూరికీ చేరుతుందట.

"అందాక నాగండ్లు ఆగొద్దు," అన్నాడు. "పాతదని దాసుకుంటే తుప్పే మిగుల్తది. కరిగిస్తే మళ్ల పనికొస్తది."

"దొంగలు గూడ పురాణాలు చెప్పవట్టిరి," అన్నాడు ఈశ్వరయ్య.

రైతులు నవ్వారు. బాటసారి సంచి అక్కడే వదిలి స్టేషన్ దారి పట్టాడు.

ఈశ్వరయ్య భార్య కౌసల్యమ్మ నీళ్ల చెంబుతో బయటికొచ్చింది. మనిషి లేడు.

"ఏ ఊరని అడిగినవా? ఎండల పడి వచ్చినోనికి నీళ్లన్న ఇయ్యకపోతివి."

ఈశ్వరయ్య ఊరి పోలీస్ పటేలుకు అప్పజెబుదామని ముక్కలెత్తాడు. వాటికి ఎవరో కావాలని మెత్తినట్టు మన్ను అంటుకుని ఉంది. భార్య చేతిలోని చెంబు తీసుకుని నీళ్లు పోశాడు.

మన్ను వెంట పసుపు కారింది. దాని కింద నల్లబడిన కుంకుమ.

ఒక ముక్క పైభాగం అద్దంలా నునుపు తేలి ఉంది. దాని పక్కన ఇంకో ముక్క చేర్చాడు. మరొకటి చేర్చాడు. అతని చేతులు ఆగిపోయాయి.

లేచి స్టేషన్‌కు ఉరికాడు. అప్పటికే రైలు కదిలిపోయింది. పొగ మాత్రం కనిపించింది.

తిరిగొచ్చి తలమీద నీళ్లు పోసుకున్నాడు. ముక్కలకు పసుపు రాసి, కళ్లకద్దుకుని, నిప్పుల్లో పెట్టాడు. కౌసల్యమ్మ కొలిమి తిత్తి లాగింది. పొద్దుగూకక ముందే మొదటి కర్రు రైతు యాదయ్య చేతికొచ్చింది. మిగిలినవాళ్లు తమవీ రాత్రికల్లా అవుతాయి, పొద్దున్నే దున్నుకోవచ్చని ఎడ్ల దగ్గరికి నడిచారు.

యాదయ్య మాత్రం కదల్లేదు. "దొంగ ఇనుముకు పసుపేంది ఈశ్వరన్నా?"

ఈశ్వరయ్య, సమ్మెట దెబ్బలన్నీ కాచే ఇనుప దిమ్మె అయిన తన దాగలి మీద మెల్లగా చెయ్యి వేశాడు.

"ఇంకో కమ్మరి దాగలని తెలిస్తే నేను నిప్పుల పెట్టనని మన్ను పూసి తెచ్చిండు యాదయ్యా, తాతల నాటి సంది దసరాకు మొక్కిన తన దాగలినే మన కర్రుల కోసం నరుక్కొచ్చిండు."