సరదా ఫోటో

“ఊఁ, గురిపెట్టు వదినా! అన్నయ్య చేతులెత్తేస్తాడు, ఫోటో అదిరిపోతుంది,” అంటూ మరిది కొత్తకోడలి చేతిలో వేటతుపాకీ పెట్టాడు.

ఆమె గొట్టాన్ని నేలవైపు తిప్పింది. “ఎవరైనా తెరిచి చూశారా?”

“ఖాళీదేనోయ్! పెళ్లయి వారమైనా కాలేదు, అప్పుడే నామీద అనుమానమా?” నవ్వాడు భర్త.

“తుపాకీ చేతికొస్తే ముందు తెరిచి చూడాలండీ,” అంటూ ఆమె దాన్ని మధ్యకు మడిచింది. లోపల రెండు తూటాలు నిగనిగలాడాయి.

“నువ్వు తీశావనుకున్నా, అన్నయ్యా!”

“నువ్వే తీశావనుకున్నాన్రా నేను!”

ఆమె తూటాలు రెండూ బయటికి లాగేసింది.

“పోనీలే వదినా, ఇప్పుడు నిజంగానే ఖాళీ కదా. కానివ్వు!” మరిది మళ్లీ ఫోన్ ఎత్తాడు.

తమ్ముడి చెంప పగలగొడతాడేమోనని ఆమె భర్త వైపు చూసింది. అతను అప్పటికే జుట్టు సవరించుకుని, చేతులు పైకెత్తి, పళ్లికిలిస్తూ నిలబడ్డాడు.

పొద్దుటిదాకా ముద్దొచ్చిన ఆ నవ్వు చూసి ఆమెకు డోకొచ్చింది.